32 బైట్లలో అరుంధతి

పెళ్లితంతులో అరుంధతీ దర్శనం ఉంటుంది. ముహూర్తం పట్టపగలు పడినా సరే, పురోహితుడు కొత్త దంపతులను బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి వేలు చూపిస్తాడు. సప్తర్షి మండలం తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని మినుకుమనే చిన్న చుక్క అరుంధతి. ఖగోళ శాస్త్రంలో ఆమె పేరు ఆల్కార్. కంటికి కనిపించే నక్షత్రాల చిట్టా లాంటి యేల్ బ్రైట్ స్టార్ క్యాటలాగ్‌లో ఆమె సంఖ్య 5062.

ఆ క్యాటలాగ్ అయిదో కూర్పు 1991లో వచ్చింది. అందులో 9110 పద్దులున్నాయి. స్మిత్సోనియన్ ఖగోళ భౌతిక వేధశాల వాళ్లు దాన్ని ఒక బైనరీ ఫైలుగా కూర్చి అందరికీ అందుబాటులో పెట్టారు. మూడు లక్షల బైట్లు కూడా నిండని ఫైలది. మన ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంతకంటే పెద్దగా ఉంటుంది. సున్నా నుంచి లెక్కపెడితే 1,61,980వ బైట్ దగ్గర అరుంధతి మొదలవుతుంది, 32 బైట్లలో పూర్తవుతుంది. ఆమె ఆకాశంలో ఎక్కడుంది, ఎంత వెలుగుతుంది, ఏ తరగతి నక్షత్రం, ఏడాదికి ఎంత జరుగుతోంది అన్నీ ఆ 32 బైట్లలోనే ఉన్నాయి.

ఆ బైట్లను చదవడానికి పైథాన్‌లోని నమ్‌పై లైబ్రరీకి ఒక చిన్న వర్ణన ఇస్తే చాలు. ఆ వర్ణనను డీటైప్ అంటారు. ఒకే రికార్డులో వేర్వేరు రకాల అంశాలు ఉండి, అలాంటి రికార్డులు వరుసగా పేర్చి ఉంటే దాన్ని స్ట్రక్చర్డ్ అరే అంటారు, దాని వర్ణనను స్ట్రక్చర్డ్ డీటైప్ అంటారు. ఏళ్ల తరబడి వాడుతున్నా ఈ పనితనం నాకు పాతబడలేదు. ఎందుకు పాతబడలేదో దగ్గర నుంచి చూపించాలని ఇది రాస్తున్నాను.

ఏడు అరలు

ముందుగా ఫైలు సంగతి. మొదటి 28 బైట్లు హెడర్. ఆ తర్వాత ఒక్కో నక్షత్రానికి 32 బైట్ల చొప్పున, మధ్యలో ఖాళీ లేకుండా, 9110 రికార్డులు. ఒక రికార్డు లోపల అమరిక ఇది:

0వ బైట్ నుంచి 4 బైట్లు: నక్షత్రం సంఖ్య
4వ బైట్ నుంచి 8 బైట్లు: విషువాంశ
12వ బైట్ నుంచి 8 బైట్లు: క్రాంతి
20వ బైట్ నుంచి 2 బైట్లు: వర్ణపట తరగతి, రెండక్షరాల్లో
22వ బైట్ నుంచి 2 బైట్లు: కాంతి పరిమాణం, వందతో గుణించిన పూర్ణాంకంగా
24వ బైట్ నుంచి 4 బైట్లు: విషువాంశలో ఏటా వచ్చే మార్పు
28వ బైట్ నుంచి 4 బైట్లు: క్రాంతిలో ఏటా వచ్చే మార్పు

విషువాంశ, క్రాంతి అంటే భూమ్మీద రేఖాంశ, అక్షాంశాల్లాంటివి, ఆకాశానికి గీసుకున్నవి. ఈ జాబితాను నమ్‌పైకి చెప్పాలంటే ఒక్కో అరకు (దీన్నే ఫీల్డు అంటారు) ఒక పేరు, ఒక గుర్తు ఇస్తాం. ఎఫ్4 అంటే నాలుగు బైట్ల దశాంశ సంఖ్య, ఎఫ్8 అంటే ఎనిమిది బైట్లది, ఎస్2 అంటే రెండు బైట్ల అక్షరాలు, ఐ2 అంటే రెండు బైట్ల పూర్ణాంకం. ఏడు పేర్లు, ఏడు గుర్తులు. వర్ణన మొత్తం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది.

మన వంటింట్లో పోపుల పెట్టె ఉంటుంది కదా. ఆవాలు ఒక గిన్నెలో, జీలకర్ర ఒక గిన్నెలో, మెంతులు ఒక గిన్నెలో. అమ్మ చూడకుండానే చెయ్యి పెడుతుంది, కావలసిందే చేతికొస్తుంది. ఎందుకంటే ఏ గిన్నె ఎక్కడుందో ఎప్పుడూ మారదు. రికార్డు కూడా అలాంటిదే. అలాంటి పెట్టెలు 9110 ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే అదే స్ట్రక్చర్డ్ అరే. ఒక తేడా మాత్రం ఉంది. కంప్యూటర్ మెమరీలో గిన్నెలు లేవు. 32 బైట్లు గోడలు లేకుండా బారుగా ఉంటాయి. ఎక్కడ ఆవాలు ఆగి ఎక్కడ జీలకర్ర మొదలైందో బైట్లు చెప్పలేవు, వర్ణనే చెప్పాలి.

నేను మెచ్చుకునేది ఇక్కడే మొదలవుతుంది. నమ్‌పై ఈ గోడలను మెమరీలో కట్టదు. బైట్లను ఉన్నచోటే ఉంచి, గోడలన్నిటినీ వర్ణనలో కడుతుంది. అందువల్ల సరుకును కదపకుండా వర్ణనను మార్చుకోవచ్చు. ఈ పనితనంలో మిగిలినదంతా ఈ ఒక్క నిర్ణయం నుంచే పుట్టింది.

అడుగు వెడల్పు 32

క్యాటలాగ్ నుంచి కాంతి పరిమాణాలు మాత్రమే కావాలని అడిగాం అనుకోండి. మామూలుగా ఊహించేది ఏమిటి? ప్రతి రికార్డునూ తెరిచి, అందులోని రెండు బైట్లు తీసి, కొత్త వరుసలో రాసుకుంటూ పోవాలి. నమ్‌పై అలా చెయ్యదు. 22వ బైట్ దగ్గర మొదలుపెట్టు, ఒక్కో మూలకం రెండు బైట్ల పూర్ణాంకం, ఒక మూలకం నుంచి తర్వాతి దానికి 32 బైట్లు దాటు అని ఒక కొత్త వర్ణన రాసి చేతికిస్తుంది. ఆ దాటే దూరాన్ని స్ట్రైడ్ అంటారు. తొమ్మిది వేల పైచిలుకు సంఖ్యల్లో ఒక్కటి కూడా కాపీ కాలేదు. అయినా అది నిజమైన అరేనే. దాన్ని కూడొచ్చు, సగటు తియ్యొచ్చు, పోల్చొచ్చు.

సున్నా కంటే తక్కువ పరిమాణం ఉన్నవి ఏవని అడిగి చూడండి. ఖగోళ కొలతలో సంఖ్య తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. నాలుగు రికార్డులు వస్తాయి: మృగవ్యాధుడు −146, అగస్త్యుడు −72, స్వాతి −4, దక్షిణాన ఆల్ఫా సెంటారీ −1. వందతో భాగిస్తే అవే వాటి పరిమాణాలు. మెమరీలో 32 బైట్లకొకసారి అడుగు వేసుకుంటూ పోయిన చూపుకు ఆకాశంలో అతి ప్రకాశవంతమైన నాలుగు చుక్కలు దొరికాయి. మిగిలిన ముప్పై బైట్లను అది ముట్టనే లేదు.

ఇప్పుడు ఇంకొంచెం లోపలికి. విషువాంశ, క్రాంతి రెండూ ఎనిమిది బైట్ల దశాంశ సంఖ్యలే, పక్కపక్కనే ఉన్నాయి. వాటిని రెండు పేర్లతో పిలిచే బదులు 'స్థానం' అని ఒకే పేరు పెట్టి, అది ఎఫ్8 రకం, రెండు మూలకాల చిన్న అరే అని వర్ణించవచ్చు. ఏటా వచ్చే కదలికలకూ అలాగే 'చలనం' అని ఎఫ్4 రకంలో రెండు మూలకాలు. లెక్క చూడండి: 4, 16, 2, 2, 8. మొత్తం 32. ఏడు అరల పెట్టె అయిదు అరల పెట్టె అయింది, ఒక్క బైట్ కదలలేదు. ఫైలు రాసినవాళ్లు ఊహించని వర్ణన ఇది, అయినా ఫైలుకు అచ్చంగా సరిపోయింది.

'స్థానం' అని అడిగితే వచ్చే అరే ఆకారం 9110 వరుసలు, 2 నిలువు గళ్లు. ఇక్కడ చాలామంది గమనించకుండా దాటిపోయే సూక్ష్మం ఒకటుంది. ఆ 2 అంతకుముందు రకం లోపల ఉండేది. ఫీల్డును బయటికి తీయగానే అది రకంలోంచి వచ్చి అరే ఆకారంలో చేరింది. రకం మళ్లీ వట్టి ఎఫ్8 అయింది. ఒక నక్షత్రం ఎలా ఉంటుందో రకానికి తెలుసు, ఎన్ని నక్షత్రాలున్నాయో అరేకి తెలుసు. ఈ రెండు బాధ్యతల మధ్య గీత ఎక్కడ గీయాలో తేల్చడం భాషలు రూపొందించేవాళ్లకు పాత చిక్కు. 1970లో నిక్లాస్ విర్త్ పాస్కల్ భాషను ప్రకటించినప్పుడు అరే పొడవును రకంలోనే భాగం చేశాడు. దాంతో పది మూలకాల అరేకి రాసిన ప్రొసీజర్ ఇరవై మూలకాల అరేకి పనికిరాలేదు. నమ్‌పై పొడవును రకం బయట పెట్టింది, రికార్డు లోపలి చిన్న అరే పొడవును మాత్రం రకంలోనే ఉంచింది. అవసరమైనప్పుడు ఒకటి రెండోదిగా మారేలా చేసింది.

ఒకే బైట్లకు రెండు వర్ణనలు ఏకకాలంలో ఇవ్వడం కూడా కుదురుతుంది. పేర్లు, గుర్తులతో పాటు ఏ ఫీల్డు ఏ బైట్ దగ్గర మొదలవ్వాలో మనమే చెప్పవచ్చు. అరుంధతి వర్ణపట తరగతి 'ఏ5'. 20వ బైట్ దగ్గర రెండక్షరాల ఫీల్డును అలాగే ఉంచి, అదే 20వ బైట్ దగ్గర ఒక్కక్షరం ఫీల్డు ఇంకొకటి పెడితే తరగతి అక్షరం విడిగా దొరుకుతుంది, 21వ బైట్ దగ్గర ఇంకొకటి పెడితే ఉపతరగతి అంకె. ఇలా ఒకదానిమీద ఒకటి పడే ఫీల్డులను నమ్‌పై ఒప్పుకుంటుంది. పైథాన్ ఆబ్జెక్టులను పట్టుకునే ఫీల్డు విషయంలో మాత్రం ఒప్పుకోదు. అక్కడ ఉండేది మెమరీ చిరునామా. దానిమీద ఇంకో పేరుతో ఏదైనా రాస్తే ప్రోగ్రామే కూలిపోతుంది. ఎక్కడ స్వేచ్ఛ ఇవ్వాలో, ఎక్కడ చెయ్యి పట్టుకుని ఆపాలో తెలిసిన పనివాడి లక్షణం ఇది.

ఎనిమిది బైట్ల తేడా

ఈ వర్ణనలో ఒక్క మాట తప్పితే ఏమవుతుందో నాకు అనుభవం. డీటైప్ తయారుచేసేటప్పుడు 'అలైన్' అనే ఎంపిక ఒకటుంటుంది. దాన్ని ఆన్ చేస్తే సీ భాష కంపైలర్ చేసినట్టే ఎనిమిది బైట్ల సంఖ్య ఎనిమిదితో భాగించబడే స్థానంలోనే మొదలయ్యేలా మధ్యలో ఖాళీ బైట్లు నింపుతుంది. ప్రాసెసర్‌కు అది అనుకూలం. మంచిదే కదా అని ఒకసారి ఈ ఫైలుకు అది ఆన్ చేశాను. విషువాంశ 4వ బైట్ నుంచి 8వ బైట్‌కు జరిగింది. చివర కూడా ఖాళీ చేరింది. రికార్డు 32 బైట్ల బదులు 40 బైట్లయింది.

ఎర్రర్ రాలేదు. హెడర్ తీసేస్తే ఫైల్లో 2,91,520 బైట్లున్నాయి, అది 40తో కూడా శేషం లేకుండా భాగించబడుతుంది. 9110 నక్షత్రాల బదులు 7288 వచ్చాయి. నక్షత్రం సంఖ్యలు చూస్తే మొదటిది 1, తర్వాత మూడు అర్థంలేనివి, ఆ తర్వాత 6, మళ్లీ మూడు అర్థంలేనివి, ఆ తర్వాత 11. నలభై బైట్ల అడుగులు నాలుగు, ముప్పై రెండు బైట్ల అడుగులు అయిదు సమానం కాబట్టి ప్రతి నాలుగో అడుగు నిజమైన రికార్డు గడప మీద పడుతోంది. కాగితం మీద ఆ లెక్క వేసుకున్నాక రకం అనే మాటకు నా మనసులో అర్థం మారిపోయింది. అప్పటిదాకా రకం అంటే తప్పులు పట్టే కాపలాదారు అనుకునేవాణ్ని. రకం అంటే కన్ను అని ఆ రాత్రి తెలిసింది. ఏది కనబడాలో, ఎక్కడ కనబడాలో తేల్చేది అదే.

ఆ ఫైలును కూర్చినవాళ్ల అమరిక కూడా అప్పుడే అర్థమైంది. ఒక్క రికార్డునే చూస్తే విషువాంశ 4వ బైట్ దగ్గర ఉంది, ఎనిమిదికి సరిపడదు. కానీ హెడర్ 28 బైట్లు. దానికి నాలుగు కలిపితే 32. ఆపైన ప్రతి రికార్డుకూ 32 చొప్పున పెరుగుతుంది. అంటే ఫైలు మొత్తంగా చూస్తే ప్రతి నక్షత్రం విషువాంశా, క్రాంతీ ఎనిమిదితో భాగించబడే స్థానంలోనే మొదలవుతున్నాయి.

బైట్ల వరుసక్రమం ఇంకో సంగతి. రెండు బైట్ల సంఖ్యలో పెద్ద భాగం ముందు రాయాలా, చిన్న భాగం ముందు రాయాలా అన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది. నమ్‌పైలో గుర్తుకు ముందు < పెడితే చిన్నది ముందు, > పెడితే పెద్దది ముందు. ఒక్క చిహ్నం. అరుంధతి పరిమాణం 4.01, ఫైల్లో 401. దాన్ని తారుమారు క్రమంలో చదివితే −28415 వస్తుంది. అంటే −284.15. మధ్యాహ్నం నడినెత్తిన ఉండే సూర్యుడి పరిమాణమే సుమారు −26.7. సరైన క్రమం కనుక్కోవడానికి హెడర్ సాయపడుతుంది. అందులోని ఏడో సంఖ్య ఒక్కో రికార్డు ఎన్ని బైట్లో చెబుతుంది. 32 అని వస్తే క్రమం సరైంది, 53,68,70,912 అని వస్తే తిరగేయాలి. తిరగేయడం అంటే కూడా బైట్లను తిప్పడం కాదు, వర్ణనలో ఆ చిహ్నాన్ని మార్చడమే.

వర్ణన కూడా ఒక విలువే

రికార్డులను వర్ణించడం నమ్‌పైతో పుట్టిన విద్య కాదు. 1960 నాటి కోబాల్‌లోనే డేటా డివిజన్ ఉంది, 01, 05 అంటూ అంతస్తుల సంఖ్యలతో రికార్డును విడమరిచి రాసేవారు. 1990ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని వై2కే పనికి అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకు ఆ విద్య చేతి అలవాటు. వాళ్లు సరిచేసిన చిక్కు కూడా వర్ణనలోదే. సంవత్సరానికి రెండంకెల చోటే కేటాయించిన ఫీల్డులు 1999 దాటితే 00కి వస్తాయి. ఆ వర్ణనలు ప్రోగ్రాముల లోపల ఉండేవి కాబట్టి ప్రతి ప్రోగ్రామునూ తెరిచి, వెతికి, మార్చి, మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. పాస్కల్ రికార్డయినా, సీ భాష స్ట్రక్ట్ అయినా అంతే. వర్ణన కంపైలర్‌కు మాత్రమే తెలుసు, ప్రోగ్రాము నడిచే వేళకు అది మాయమైపోతుంది.

నమ్‌పైలో డీటైప్ మాయమవదు. అది సంఖ్యలాగా, వాక్యంలాగా ఒక విలువ. దాన్ని వేరియబుల్‌లో పెట్టుకోవచ్చు, ఇంకోదానితో పోల్చవచ్చు, ఏ ఫీల్డు ఎక్కడుందో అడగవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా ప్రోగ్రాము నడుస్తుండగానే కొత్తగా తయారుచేసుకోవచ్చు.

ఈ అవసరం ఖగోళ శాస్త్రజ్ఞులకు బాగా తెలుసు. వాళ్ల పరిశీలనలు 1981లో ప్రచురితమైన ఫిట్స్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. దాని బైనరీ పట్టికల్లో ఏ నిలువు గడి ఏ రకమో హెడర్‌లోనే మామూలు అక్షరాల్లో రాసి ఉంటుంది. ఫైలు తెరిచేదాకా అందులో ఏముందో ప్రోగ్రాముకు తెలియదు. తెరిచి, హెడర్ చదివి, అప్పటికప్పుడు రకాన్ని కట్టుకోవాలి. హబుల్ పనులు చూసే స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పెర్రీ గ్రీన్‌ఫీల్డ్, ఆయన సహచరులు తయారుచేసిన నమ్‌అరే లైబ్రరీలో రికార్డు అరేలు ఉండటానికి వెనక ఇలాంటి అవసరమే ఉంది. అంతకుముందు 1995లో జిమ్ హ్యూగునిన్ మొదలుపెట్టిన న్యూమరిక్ అనే లైబ్రరీ ఉండేది. ట్రావిస్ ఒలిఫాంట్ ఈ రెండు పాయలనూ కలిపి నమ్‌పైగా మలిచాడు. 2006లో దాని 1.0 వచ్చింది. అదే ఏడాది ఒలిఫాంట్, కార్ల్ బ్యాంక్స్ కలిసి పెప్ 3118 అనే ప్రతిపాదన రాశారు. ఒక లైబ్రరీ తన మెమరీని, దాని వర్ణనతో సహా, కాపీ చేయకుండా ఇంకో లైబ్రరీకి చూపించే పద్ధతి అది. ఆ రకంగా ఈ ఆలోచన పైథాన్ భాషలోకే చేరింది.

కట్టడం ఒక పనితనం, కట్టినదాన్ని మార్చడం ఇంకో పనితనం. రెండు మూడు ఫీల్డులను కలిపి అడిగితే పాత నమ్‌పై కాపీ చేసి ఇచ్చేది. ఒక్క ఫీల్డు అడిగితే ఉన్నచోటే చూపించి, రెండు అడిగితే కాపీ ఇవ్వడం మూల ఆలోచనకు పొసగదు. రెండు మూడు అడిగినా ఉన్నచోటే చూపించే మార్పు 1.14లో చేశారు. దానివల్ల వాడుతున్నవాళ్ల కోడ్ దెబ్బతింటుందని 1.14.1లో వెనక్కి తీసుకున్నారు. 2019 జనవరిలో వచ్చిన 1.16లో, ఖాళీలు తీసేసి బిగుతుగా సర్దుకోవాలనుకునేవాళ్లకు విడిగా ఒక ఫంక్షన్ అందుబాటులో ఉంచి, మార్పును ఖాయం చేశారు. ఇప్పుడు 'స్థానం', కాంతి పరిమాణం కలిపి అడిగితే వచ్చే రికార్డు 32 బైట్లదే, అడగని బైట్లు ఖాళీలుగా మిగులుతాయి. సూత్రం సరైనదని తెలిసినా, వాడేవాళ్ల కోసం ఆగిన ఆ ఓపిక నాకు కోడ్ అంత అందంగానే కనిపిస్తుంది.

దీనికి హద్దులున్నాయి. కాంతి పరిమాణాలు మాత్రమే చదివినా ప్రాసెసర్ మెమరీని సాధారణంగా 64 బైట్ల ముక్కలుగా తెచ్చుకుంటుంది. ఒక్కో ముక్కలో రెండు నక్షత్రాలు, పనికొచ్చేవి నాలుగు బైట్లు. కోట్ల వరుసల పట్టికలో నిలువు గళ్ల మీదే పని ఎక్కువైతే నిలువు గళ్ల వారీగా నిల్వచేసే పాండాస్, యారో లాంటివే మేలు. స్ట్రక్చర్డ్ అరేలు సీ కోడ్‌తో కలిసి పనిచేయడానికి, బైట్ల స్థాయి పనులకు ఉద్దేశించినవని నమ్‌పై డాక్యుమెంటేషనే చెబుతుంది. అలాగే ప్రోగ్రామును నడపకముందే రకాలు సరిచూసే పరికరాలకు ఈ ఫీల్డుల పేర్లు కనిపించవు. వాటికి ప్రతి స్ట్రక్చర్డ్ రికార్డూ 'వాయిడ్' అనే ఒకే రకం. రకం నడిచే వేళ పుట్టే విలువ అయినందుకు చెల్లించే మూల్యం అది. తెరిచేదాకా తెలియని ఫైలును చదవాలంటే ఆ మూల్యం న్యాయమైనదే అని నా అభిప్రాయం.

వేలు చూపించే విద్య

మన శాస్త్రాల్లో అరుంధతీ దర్శన న్యాయం అని ఒకటుంది. అరుంధతి చిన్న చుక్క, చూపించగానే దొరకదు. అందుకని ముందు దగ్గర్లో పెద్దగా వెలిగే చుక్కను చూపిస్తారు. చూపు అక్కడ నిలిచాక, దాని పక్కన చూడు అంటారు. తెలిసిన చోటి నుంచి కొలిచిన అడుగులతో తెలియని చోటికి చూపును నడిపించడం ఆ న్యాయంలోని మర్మం.

నమ్‌పై అరుంధతి కాంతిని వెతికే పద్ధతి ఇదే. ముందు హెడర్ దాటి 28వ బైట్ దగ్గర చూపు నిలుపుతుంది. అక్కడి నుంచి 32 బైట్ల అడుగులు 5061 వేస్తుంది. ఆ దారిలో 5054, 5055 సంఖ్యల దగ్గర వసిష్ఠుణ్ని దాటుతుంది, ఆయన జంట నక్షత్రం కాబట్టి రెండు రికార్డులు. వెంటనే 5056 దగ్గర చిత్త వస్తుంది. ఈ క్యాటలాగ్ విషువాంశ క్రమంలో నడుస్తుంది కనుక ఆకాశంలో ఎంతో దూరాన ఉన్న చిత్త ఫైల్లో ఆ ఇద్దరి మధ్యకు వచ్చింది. చివరికి 5062వ రికార్డు గడప మీద ఆగి, 22 బైట్లు లోపలికి చూస్తుంది. 1,62,002వ బైట్ దగ్గర, రెండు బైట్లలో, 401.

పురోహితుడు చుక్కను కిందికి దింపడు, ఎలా చూడాలో చెబుతాడు. ఎన్ని పెళ్లిళ్లలో ఎందరికి చూపించినా అరుంధతి ఉన్నచోటే ఉంటుంది. ఈ ఫైల్లోని ఆ రెండు బైట్లూ అంతే.